"ఐనా" అన్న మాట దగ్గర ఆగండి

"కవర్ మీద అన్ని రంగుల పిల్లలూ ఉన్న బొమ్మల పుస్తకాలు కొంటే మా నాలుగేళ్ల పాపకి వివక్ష అంటకుండా ఉంటుందా?" అని అడిగారు. ఉండదు. వివక్ష లోపలి వాక్యాల్లో దాక్కుంటుంది.

కొనేముందు పది నిమిషాలు పెట్టండి. మొదటిసారి ఒక్క అక్షరం కూడా చదవకుండా బొమ్మలు తిప్పండి. పని చేస్తున్నది ఎవరు, పక్కన నిలబడి చూస్తున్నది ఎవరు? ఆడపిల్ల చేతిలో ఏమైనా ఉందా? నల్లటి పిల్ల ప్రతి పేజీలోనూ వెనక వరసలోనే ఉందా? అందరికీ ఒకటే ముక్కు, ఒకటే జుట్టు గీసి ఒంటిరంగు మాత్రం మార్చారంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయొచ్చు.

రెండోసారి చదువుతూ "ఐనా", "ఉన్నా" వచ్చిన ప్రతిచోటా ఆగండి. "నల్లగా ఉన్నా ముద్దుగా ఉంటుంది." "ఆడపిల్లైనా ధైర్యం ఎక్కువ." "పేదవాడైనా నిజాయితీపరుడు." రాసినవాళ్లు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. పిల్లలకి అందేది మాత్రం నల్లగా ఉంటే మామూలుగా ముద్దుగా ఉండరని, పేదవాళ్లంటే మామూలుగా నిజం చెప్పరని. చదివి వినిపించేటప్పుడు ఆ ముక్క తీసేసి "నల్లగా, ముద్దుగా ఉంటుంది" అనండి. కథకి ఏ లోటూ రాదు.

తర్వాత క్రియల చివరలు చూడండి. నాన్న "వచ్చారు", అమ్మ "వచ్చింది". డాక్టరుగారు "చెప్పారు", తోటమాలి "చెప్పాడు". ఇంగ్లీషు నుంచి వచ్చిన పుస్తకాల్లో ఇది మరీ బాధగా ఉంటుంది. అక్కడ అందరికీ ఒకటే క్రియ. ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తెలుగులోకి తెచ్చినవాళ్లే పంచిపెడతారు. అచ్చుతప్పుల్ని వెతికే శ్రద్ధలో పావువంతు దీని మీద పెడితే చాలు, ఎవరూ పెట్టరు.

ఇక అందరూ మంచిదనుకునే కథ ఒకటుంది. వీల్‌చెయిర్‌లో ఉన్న అబ్బాయి మైదానం అంచున కూర్చుని ఉంటాడు, ఎవరూ ఆడనివ్వరు. తప్పిపోయిన కుక్కపిల్లని అతనే కనిపెడతాడు. ఆఖరి పేజీలో అందరూ చప్పట్లు కొట్టి ఆటలో చేర్చుకుంటారు. మిగతా పిల్లలు ఏ ఘనకార్యమూ చేయకుండానే ఆ ఆటలో ఉన్నారు కదా! అతనొక్కడే చోటు సంపాదించుకోవలసి వచ్చింది. ఆ కుర్చీ బొమ్మని కూడా దగ్గరగా చూడండి. చాలాసార్లు అది ఆసుపత్రి కుర్చీ: వెడల్పాటి సీటు, పెద్ద చేతులు, వెనక తోసే పిడులు, ఆ పిడులు పట్టుకుని ఒక పెద్దమనిషి. రోజూ తానే నడుపుకునే పిల్లల కుర్చీ ఒంటికి సరిపడా ఇరుకుగా ఉంటుంది, చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటుంది, పిల్లాడి చేతులు చక్రం బయటి కమ్మీ మీద ఉంటాయి. గీసినవాళ్లు అలాంటి కుర్చీని ఎప్పుడైనా చూశారో లేదో ఆ చేతుల దగ్గరే తెలిసిపోతుంది.

జంతువుల కథలైతే గొడవ లేదనుకోకండి. ఏనుగు నాన్న పేపరు చదువుతూ, ఏనుగు అమ్మ ఏప్రన్ కట్టుకుని గరిటె తిప్పుతుంటే తేడా ఏముంది?

పుస్తకంలో కనిపిస్తే చాలదని తేలి చాలా కాలమైంది. 1962 నుంచి 64 దాకా అమెరికాలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కించి, నల్లజాతివాళ్లు ఒక్కరైనా ఉన్నవి 349 అని అమెరికా విద్యావేత్త నాన్సీ లారిక్ 1965లో రాశారు. ఆ 349లోనూ దాదాపు 60 శాతం కథలు అమెరికా బయటో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందో జరిగినవి. అంటే, పక్కింట్లో ఇవాళ ఉన్న పిల్లాడు వాటిలోనూ సగానికి పైగా పుస్తకాల్లో లేడు.

ఇంట్లో ఇప్పటికే ఉన్న పుస్తకాలు పారేయకండి. ఆ చప్పట్ల పేజీ దగ్గర ఆగి, "కుక్కపిల్ల దొరక్కపోయుంటే ఇతన్ని ఆడనిచ్చేవాళ్లా?" అని పాపని అడగండి. జవాబు మీరు అందించకండి. తను బొమ్మ మళ్లీ చూసేదాకా పేజీ తిప్పకుండా ఉండండి.