అడవుల కమిషనర్ గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?

"వాషింగ్టన్ స్టేట్ బ్యాలెట్‌లో పబ్లిక్ లాండ్స్ కమిషనర్ అని ఒకటుంది, ఎవరో తెలియనప్పుడు వదిలేస్తే నష్టమా?" అని ఒకరు అడిగారు. రాష్ట్ర అడవులు, భూములు చూసే శాఖకి ఓట్లతో ఎన్నుకునే పెద్ద ఆ కమిషనర్. వదిలేస్తే నష్టమే. నేను ఇసాక్వా దగ్గర ఉంటాను, సిటిజన్‌షిప్ వచ్చాక వేసిన ఓట్లలో నాకు బాగా గుర్తున్నది ఇదే.

2024 ఆగస్టు ప్రైమరీ రోజు సాయంత్రం మా మరిది వాళ్ళింటికి వెళ్తే, మొగుడూ పెళ్ళాల బ్యాలెట్లు కవర్ కూడా విప్పకుండా పిజ్జా కూపన్ల కింద పడున్నాయి. అప్పటికే ఏడుంపావు. ఎనిమిదికి బ్యాలెట్లు వేసే డ్రాప్ బాక్స్ మూసేస్తారు. నాకు టెన్షన్, వాళ్ళు నింపాదిగా ఉన్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఈ పదవి దగ్గరికొచ్చేసరికి ఏడుగురి పేర్లు. "వదినా, ఒక్కరూ తెలియదు, వదిలేస్తా" అన్నాడు. మనం ఆదివారాలు నడిచే టైగర్ మౌంటెన్ స్టేట్ ఫారెస్ట్‌లో చెట్లు వేలానికి పెట్టే శాఖకి పెద్ద ఈ కమిషనరేరా అంటే, అప్పుడు అభ్యర్థుల వివరాలుండే ఓటర్ల పుస్తకం తీసి చదివారు. ఏడూ యాభైకి బాక్సులో వేయించాను.

ఆ పోటీలో దాదాపు 19 లక్షల ఓట్లు పడితే, చేత్తో మళ్ళీ లెక్కపెట్టాక రెండో స్థానానికీ మూడో స్థానానికీ తేడా 49. ప్రైమరీలో మొదటి ఇద్దరే నవంబర్‌కి వెళ్తారు. నలభై తొమ్మిదే! అలా రెండో స్థానంతో నవంబర్ పోటీకి వెళ్ళిన డేవ్ అప్‌తెగ్రోవ్ గెలిచి, 2025 జనవరిలో రాగానే కొన్ని పాత అడవుల అమ్మకాలు ఆరు నెలలు ఆపారు, ఆగస్టులో 77 వేల ఎకరాలు కాపాడతామన్నారు.

కలప అమ్మిన డబ్బు స్కూళ్ళకి వెళ్తుంది, అమ్మకపోతే వాటికి డబ్బెలా అంటారు. 1889లో రాష్ట్రం ఏర్పడినప్పుడు స్కూళ్ళ కోసమే ఇచ్చిన భూములు కొన్ని ఉన్నాయి, నిజమే. చిన్న కౌంటీలకీ ఆ డబ్బు అవసరమే, అందుకే మొత్తం ఆపమనను. కానీ డబ్బు ఒక్కటే చూడక్కర్లేదని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టే చెప్పింది. బడి కట్టడానికి పన్నులున్నాయి. నరికిన చోట మళ్ళీ మొక్కలు నాటుతారు, సరే, వందేళ్ళ అడవి మన మనవళ్ళ కాలానికి కూడా తిరిగి రాదు.

మాది ఆదిలాబాద్ వైపు, చుట్టూ టేకు. ఏ కూపు, అంటే అడవిలో ఏ ముక్క, ఎప్పుడు కొట్టాలో ఆఫీసర్లు నిర్ణయించేవాళ్ళు, మా నాన్నని ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతున్నారు. మనవాళ్ళేమో ఆంధ్ర, తెలంగాణ ఎన్నికల మీద వాట్సాప్‌లో తెల్లవార్లూ కొట్టుకుంటారు, ఇంట్లో బ్యాలెట్ మాత్రం విప్పరు. నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ పదవి బ్యాలెట్‌లో వచ్చినప్పుడు ముందు ఆ గడి నింపండి. కవర్ మీద సంతకం మర్చిపోకండి, మా మరిది దాదాపు మర్చిపోయాడు.