గెడ్డలోకి రసాయనాల నీళ్ళు వదులుతుంటే ఏ ఆఫీసుకు వెళ్ళాలి? విశాఖలో మా అనుభవం

మీరు అడిగింది ఇది: విశాఖలో మీ కాలనీ పక్క గెడ్డలోకి (వాగులోకి) ఏదో ఫ్యాక్టరీ రసాయనాల నీళ్ళు వదులుతోంది, రాష్ట్ర ప్రభుత్వంలో పర్యావరణాన్ని చూసే ఆఫీసు ఏది, ఎవరికి ఫిర్యాదు చేయాలి అని. ఇదే ప్రశ్నతో నేనూ మా పక్కింటి మాస్టారూ దాదాపు ఏడాది తిరిగాం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేముండేది గాజువాక వైపు. మా వీధి చివరే గెడ్డ. మామూలు రోజుల్లో అందులో మురుగు నీరే పారుతుంది. వాన పడిన రాత్రుల్లో మాత్రం ఆకుపచ్చ రంగులో, నురగలు కక్కుతూ వచ్చేది. కళ్ళు మండేవి. మా చిన్నమ్మాయి తెల్లవార్లూ దగ్గుతుంటే, ఆ ఉక్కలో కిటికీలన్నీ మూసుకుని పడుకునేవాళ్ళం. ఎగువన ఉన్న ఒక చిన్న యూనిట్ నుంచే వస్తోందని వీధంతా అనుకునేవారు కానీ, గట్టిగా చెప్పడానికి చేతిలో ఏమీ లేదు.

మొదట వెళ్ళిన ఆఫీసులో "ఇది మా పరిధి కాదండీ" అన్నారు. రెండో చోట అర్జీ తీసుకున్నారు, జవాబు రాలేదు. మూడో అర్జీకి తనిఖీకి వచ్చారు, కానీ అది మే నెల, మిట్టమధ్యాహ్నం. గెడ్డలో ఏముంటుంది? ఆ రోజు మాస్టారు చాలా బాధపడ్డారు. నాకైతే కోపం ఆగలేదు.

తర్వాత మెల్లగా అర్థమైంది. పర్యావరణం మొత్తాన్ని చూసే ఆఫీసు అంటూ ఒకటి లేదు. ఏ పనికి ఎవరు అనుమతి ఇచ్చారో, ఆ పని గాడి తప్పినప్పుడు అడగాల్సింది కూడా వాళ్ళనే. కాబట్టి ముందు వెతకాల్సింది ఆ అనుమతి కాగితాన్ని.

ఫ్యాక్టరీ నీళ్ళు, పొగ విషయంలో ఆ కాగితం ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి. అందరూ పొల్యూషన్ బోర్డు అంటారు. ప్రధాన కార్యాలయం విజయవాడలో ఉన్నా, విశాఖలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం ప్రకారం కాలుష్యం వచ్చే యూనిట్లు మామూలుగా రెండు సార్లు వీళ్ళ అనుమతి తీసుకోవాలి. కట్టడానికి సీఎఫ్ఈ, నడపడానికి సీఎఫ్ఓ. మీకు పనికొచ్చేది రెండోది. రోజుకు ఎన్ని నీళ్ళు వాడాలి, వాడిన నీళ్ళు ఎలా శుద్ధి చేయాలి, ఎక్కడ వదలాలి, అసలు వదలవచ్చా లేదా అన్నీ అందులో షరతులుగా ఉంటాయి.

ఆ షరతులను మండలి ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. ఆ నీళ్ళ వల్ల ఇబ్బంది పడుతున్న ఎవరైనా దాన్ని చూడవచ్చని నీటి చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. నాకు ఈ సంగతి ఏడాది ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో! మేము సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి సీఎఫ్ఓ కాపీ అడిగాం. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చారు. శుద్ధి చేసిన నీళ్ళను ఆవరణలోనే మొక్కలకు వాడుకోవాలి, బయటికి వదలకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. అంటే నీళ్ళలో ఏ రసాయనం ఎంత ఉందన్నది తర్వాత సంగతి. గెడ్డలోకి పైపు ఉండడమే తప్పు.

శాంపిల్ గురించి ఒక మాట. నేను ఒకసారి బిస్లరీ సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఇంజినీర్ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు: శాంపిల్‌ను మండలి మనుషులే తీయాలి, యూనిట్ వాళ్ళకు అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, సీసాకు సీలు వేసి ల్యాబ్‌కు పంపాలి. ఆ పద్ధతి తప్పితే ల్యాబ్ రిపోర్టు కోర్టులో చెల్లదు. "మీరు సీసా తేవద్దు, టైము చెప్పండి" అన్నారాయన. అప్పటినుంచి మా వీధి వాళ్ళం వంతులు వేసుకుని మూడు నెలలు రాసి పెట్టాం. నీళ్ళు వచ్చిన తేదీ, గంట, వాన పడిందా లేదా, పైపు గెడ్డలో కలిసే చోట తీసిన వీడియో. పదిహేడు రాత్రులు తేలాయి, దాదాపు అన్నీ ఒంటిగంట, మూడు మధ్యే. ఆ పట్టిక, సీఎఫ్ఓ కాపీ కలిపి ఇచ్చాక తనిఖీ రాత్రిపూట జరిగింది. నోటీసు వెళ్ళింది. షరతులు మీరితే కరెంటు, నీళ్ళు ఆపించే అధికారం కూడా మండలికి ఉంది. అంతదాకా రాకుండానే పైపు మూసేశారు.

మీ సమస్య వేరే రకం అయితే దారి కూడా వేరు. గెడ్డలో చెత్త, పూడిక అయితే విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ. వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒకరుంటారు, అక్కడ మొదలుపెట్టండి. కొండ తవ్వుతుంటే గనుల శాఖ, రెవెన్యూ. కంబాలకొండ అడవి, బీచ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లు అటవీ శాఖ చూస్తుంది. సముద్రం ఒడ్డున కడుతుంటే రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ అథారిటీ. రాత్రి పది తర్వాత మైకులకు పోలీసులు.

ఇంకొకటి, ఇది రాయకపోతే నాకు మనసొప్పదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. ఆ పరిశ్రమ రాష్ట్ర మండలి కన్సెంట్‌తో (పైన చెప్పిన సీఎఫ్ఓతో) నడుస్తున్నా, దానికి కేంద్రం ఇవ్వాల్సిన పర్యావరణ అనుమతి లేదని తర్వాత బయటపడింది. కన్సెంట్, పర్యావరణ అనుమతి రెండూ వేర్వేరు. పెద్ద ప్రాజెక్టుల్లో 'ఏ' కేటగిరీకి ఆ అనుమతి కేంద్రం ఇస్తుంది, 'బి' కేటగిరీకి రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తుంది. మీ పక్కన ఉన్నది పెద్ద ఫ్యాక్టరీ అయితే ఈ రెండు కాగితాలూ అడగండి. యంత్రాల భద్రత, ట్యాంకుల తనిఖీ ఫ్యాక్టరీల శాఖ పని, దానికి అర్జీ విడిగా పెట్టాలి.

మా గెడ్డలో ఇప్పుడు రంగు నీళ్ళు రావడం లేదు. అడుగున పేరుకున్న బురద మాత్రం అలాగే ఉంది, వాన పడితే వాసన లేస్తుంది. దాన్ని తీయించడానికి మాస్టారు మళ్ళీ అర్జీలు మొదలుపెట్టారు. మీ గెడ్డ ఏ వైపుదో, నీళ్ళు ఏ టైములో వస్తున్నాయో రాయండి. మేము వాడిన పట్టిక, ఆర్టీఐ అర్జీ ఇక్కడే పెడతాను.