ముసలి గోల్డ్ ఫిష్‌కు సుస్తీ చేస్తే మందు కన్నా ముందు నీళ్లు చూడాలి

ప్రశ్న: మా అబ్బాయి బడిలో చదివే రోజుల్లో ముచ్చటపడి కొనిపించుకున్న ఒరాండా గోల్డ్ ఫిష్‌కు ఇప్పుడు 9 ఏళ్లు దాటాయి. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక దాని బాగోగులు నేనే చూసుకుంటున్నాను. 80 లీటర్ల గాజు తొట్టిలో ఒక్కటే ఉంటుంది. నాలుగైదు నెలలుగా దాని పొట్ట కుడివైపు మెల్లగా ఉబ్బుతోంది. మేత తిన్నాక ఒక పక్కకు ఒరిగి పైకి తేలుతుంది, మిగతా సమయమంతా అడుగున గులకరాళ్ల మీద పడుకుని ఉంటుంది. నారింజ రంగు పోయి చాలా చోట్ల తెల్లబడింది. పక్కింటివారు చెప్పారని గత వారం నీళ్లన్నీ తోడేసి, తొట్టినీ ఫిల్టరు స్పాంజినీ మున్సిపల్ కుళాయి కింద శుభ్రంగా కడిగి, అపార్ట్‌మెంటు బోరు నీళ్లు నింపి, దుకాణంలో ఇచ్చిన నీలం మందు వేశాను. అప్పటి నుంచి పైకి వచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. ఒక దుకాణంలో జలోదరం అన్నారు, మరో దుకాణంలో వయసైపోయింది, ఇక వదిలేయండి అన్నారు. ఏది నిజం? నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. నెలల తరబడి నెమ్మదిగా పెరిగిన ఉబ్బు ఒకటి, నీళ్లు మార్చాక మొదలైన ఆయాసం మరొకటి. ఉబ్బు ఈ పూటకిపూట ప్రాణం తీయదు కానీ ఆయాసం తీయగలదు కనుక ముందు దాని సంగతి చూద్దాం.

చేప మొప్పల ద్వారానూ, మలం ద్వారానూ వదిలే వ్యర్థం నీటిలో అమ్మోనియా అవుతుంది. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ల మీద కాపురముండే మేలు చేసే బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలో పిండి కడిగినప్పుడు మురికితో పాటు ఈ బాక్టీరియా కూడా చాలావరకు పోయి ఉంటాయి. మీరు వేసిన నీలం మందు బహుశా మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. అది కొన్ని రకాల బూజు తెగుళ్ల మీద పనిచేసే మందే గానీ పొట్ట ఉబ్బుకు మందు కాదు, పైగా మిగిలిన బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. ఇక బోరు నీళ్ల సంగతి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చిన తొట్టిలో నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) క్రమంగా పడిపోతుంది, చేప దానికే అలవాటుపడుతుంది. మన ప్రాంతపు బోరు నీళ్లలో చాలావాటి పీహెచ్ 8కి అటూ ఇటూగా ఉంటుంది. ఒక్కసారిగా నీళ్లన్నీ మారిస్తే ఆ తేడాను ముసలి శరీరం తట్టుకోవడం కష్టం. అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు, అదే పీహెచ్ 8 దగ్గర సుమారు ఏడు వంతులు ఉంటుంది. అంటే తొట్టిలో ఉన్నది అంతే అమ్మోనియా అయినా మొప్పల మీద దాని దెబ్బ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీరు ప్రేమతో చేసిన పని ఇది, ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఈ సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఈ రోజే చేయవలసిన పనులు చెబుతాను. మేత పూర్తిగా ఆపేయండి. గోల్డ్ ఫిష్ మూడు నాలుగు రోజులు తినకపోయినా దానికేమీ కాదు, తినకపోతే అమ్మోనియా కూడా తక్కువగా తయారవుతుంది. ఎయిర్ పంపు రాత్రింబవళ్లు నడపండి. అక్వేరియం దుకాణంలో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసే పరీక్ష కిట్ దొరుకుతుంది, అది కొనండి. ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) పెడితే నీలం మందు తగ్గిపోతుంది, రంగుల తేడా చూసి చెప్పే ఆ పరీక్షలు కూడా అప్పుడే సరిగా తెలుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి రెండూ సున్నాకు వచ్చేదాకా రోజూ పావు వంతు నీళ్లు, అంటే మీ తొట్టిలో 20 లీటర్లు మాత్రమే మార్చండి. కొత్త నీళ్లను ముందు రోజే బకెట్లలో పట్టి, గాలి పెట్టి ఉంచండి. బోరు నీళ్లు నేలలోంచి వచ్చేటప్పుడు వాటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోవడానికీ ఒక రోజు పడుతుంది. మీ నీటి సరఫరాలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) వాడుతుంటే అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు, అక్వేరియం దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు కలపాలి.

నైట్రైట్ కనబడితే అయొడిన్ కలపని రాళ్ల ఉప్పు లీటరుకు ఒక గ్రాము లెక్కన, అంటే మొత్తం 80 గ్రాములు, వేరే పాత్రలో కరిగించి ఒక రోజంతా మూడు విడతలుగా పోయండి. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల గుండా రక్తంలోకి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. నీళ్లు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది కనుక తరువాత మీరు మార్చిన 20 లీటర్లకు 20 గ్రాములే వేయాలి. తగ్గిన నీటి మట్టాన్ని పూరించేటప్పుడు అసలు వేయకూడదు.

ఇప్పుడు ఉబ్బు సంగతి. చేప స్థిమితపడ్డాక, మూడు నాలుగు రోజుల తరువాత, పగటి వెలుతురులో తొట్టి పైనుంచి నిలబడి నిదానంగా చూడండి. పక్క నుంచి చూస్తే తెలియనిది పైనుంచి తెలుస్తుంది. జలోదరమైతే పొట్ట రెండు వైపులా సమంగా, కొద్ది రోజుల్లోనే ఉబ్బుతుంది. పొలుసులు ఒంటికి అంటుకోకుండా విచ్చుకుని లేచి నిలబడతాయి, ఒక్కోసారి కళ్లు కూడా ముందుకు పొడుచుకువస్తాయి. మంచినీటి చేప ఒంట్లోకి మొప్పల గుండా నీళ్లు ఎప్పుడూ ఇంకుతూనే ఉంటాయి, వాటిని బయటికి తోడే పని మూత్రపిండాలది. అవి చేతులెత్తేసినప్పుడు వచ్చే లక్షణమే జలోదరం. దాని వెనుక ఏరోమోనాస్ వంటి బాక్టీరియా ఉండవచ్చు, మూత్రపిండాలు వేరే కారణంతో పాడైపోయి ఉండవచ్చు. మీరు రాసినట్లు ఒక్క కుడివైపే, నెలల తరబడి, పొలుసులు లేవకుండా ఉబ్బితే నేను ముందుగా అనుమానించేది మూత్రపిండంలో నీటితిత్తులు పుట్టడం, లేదా బీజకోశంలో (అండాశయం లేదా వృషణంలో) కణితి పెరగడం. వయసు మీదపడిన గోల్డ్ ఫిష్‌లలో ఈ రెండూ మేము చూసేవే. ఉత్తరం చదివి ఈ రెండింటిలో ఏదో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. దుకాణం బల్ల వెనుక నుంచి చూసి చెప్పడమూ సాధ్యం కాదు.

తిన్నాక ఒరగడం కూడా దీనికి సంబంధించినదే కావచ్చు. ఒరాండా వంటి గుండ్రని రకాలకు పొట్ట కుదించుకుపోయి ఉంటుంది, చేపను నీటిలో తేలేలా ఉంచే గాలితిత్తికి చోటు తక్కువ. ఆ గాలితిత్తికి ఆహారనాళంతో సన్నని గొట్టం ద్వారా సంబంధం ఉంటుంది. పైన తేలే గుళికల కోసం నీటి ఉపరితలానికి వచ్చి గుటకలు వేసే చేప మేతతో పాటు గాలి కూడా మింగుతుంది. అందుకని మళ్లీ మేత మొదలుపెట్టినప్పుడు మునిగే రకం గుళికలు కొద్దిసేపు నానబెట్టి, రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. వారానికొకసారి ఉడికించి పొట్టు తీసిన పచ్చి బఠానీని గోటి కొనంత ముక్కలుగా చేసి పెడితే మలబద్ధకం ఉన్నప్పుడు ఉపకరిస్తుంది. అయితే ఎప్పుడూ ఉబ్బిన వైపుకే ఒరుగుతుంటే లోపలి గడ్డ గాలితిత్తిని నొక్కుతోందని అర్థం, అప్పుడు బఠానీతో ప్రయోజనం ఉండదు.

ఇక్కడ మిమ్మల్ని గట్టిగా కోరేది ఒకటుంది. మనుషులకు వాడే యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి తొట్టిలో కలపమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. మంచినీటి చేప నీళ్లు చాలా తక్కువగా తాగుతుంది, కాబట్టి నీటిలో కలిపిన మందు ఒంట్లోకి చేరేది స్వల్పం. పైగా టెట్రాసైక్లిన్ జాతి మందులు మన కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిసి బిగిసిపోతాయి. చివరికి ఆ మందు తిన్నగా చంపేది ఫిల్టరులోని బాక్టీరియానే. యాంటీబయాటిక్ అవసరమైతే పశువైద్యులు మేతలో కలిపి ఇస్తారు లేదా కండలోకి సూది వేస్తారు. పొట్టలోంచి సూదితో కొద్దిగా ద్రవం తీసి పరీక్షిస్తే బాక్టీరియా ఉందో లేదో, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. అల్ట్రాసౌండ్‌లో ఉబ్బినది నీరా, గడ్డా అన్నది కనబడుతుంది, ఎక్స్‌రేలో గాలితిత్తి ఎటు జరిగిందో కనబడుతుంది. మీకు దగ్గరలో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. చేపలను చూసేవారు ఏ రోజు అందుబాటులో ఉంటారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. చేపను దాని తొట్టి నీళ్లతోనే, సగం గాలి ఉన్న పెద్ద సంచిలో, చల్లని పూట తీసుకెళ్లండి. పరీక్ష కోసం మరో సీసాలో తొట్టి నీళ్లు పట్టుకెళ్లండి, అది ఒరిగి ఈదుతున్నప్పుడు తీసిన వీడియో కూడా డాక్టరుకు ఎంతో పనికొస్తుంది.

ఈలోగా అడుగున ఉన్న గులకరాళ్లు తీసేయండి. రోజంతా వాటి మీద పడుకునే చేపకు పొట్ట కింద పొలుసులు రాలి పుండ్లు పడతాయి. అయితే స్పాంజిని మాత్రం ఇక ముట్టుకోవద్దు, మిగిలిన బాక్టీరియా ఎక్కువగా అందులోనే ఉంది. నీటి మట్టం పది అంగుళాలకు తగ్గిస్తే పైకి రావడానికి దానికి శ్రమ ఉండదు. అలా తగ్గించినప్పుడు తొట్టిలో ఉన్న లీటర్లు మళ్లీ కొలిచి, పైన చెప్పిన నీళ్ల మార్పునూ ఉప్పునూ ఆ మేరకు తగ్గించుకోండి. ఎండాకాలంలో తొట్టి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే నీళ్లు ఆవిరవుతూ కొన్ని డిగ్రీలు చల్లబడతాయి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే కరుగుతుంది, ముసలి చేపకు ఆ తేడా చిన్నది కాదు. మీ చేతికి గాయాలుంటే తొడుగు లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టవద్దు. చేపల్లో ఉండే ఒక రకం క్షయ జాతి బాక్టీరియా మనుషుల చర్మం మీద మొండి గడ్డలు పుట్టించగలదు.

తెల్లబడటం గురించి దిగులు పడకండి. గోల్డ్ ఫిష్ వయసుతో పాటు నారింజ నుంచి తెలుపుకు మారడం మామూలే. ఇక వయసైపోయిందన్న మాటను నేను ఒప్పుకోను. సరిగా సాకితే గుండ్రని రకాలు పది పదిహేనేళ్లు బతుకుతాయి. ఇంగ్లండులో 1956లో ఒక తిరునాళ్లలో బహుమతిగా వచ్చిన టిష్ అనే సాదా గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. తొమ్మిదేళ్లకు మీ చేప పెద్దదే కానీ వదిలేయదగినది కాదు.

గడ్డ అని తేలితే దానికి మందు లేదు. గడ్డ ఉన్నా తింటూ, లేచి తిరుగుతూ ఉన్నన్నాళ్లు అలాగే సాకవచ్చు. తినడం మానేసి, నిలువలేక, పుండ్లు పడే స్థితి వస్తే బాధ లేకుండా సాగనంపమని పశువైద్యులను అడగండి, లవంగ నూనెలోని యూజినాల్‌తో మత్తు ఎక్కువ మోతాదులో ఇచ్చి ఆ పని చేస్తారు. ఫ్రిజ్‌లో పెట్టడం, మరుగుదొడ్డిలో వదలడం క్రూరమైన పనులు. ప్రాణంతోనే కాలువలోనో చెరువులోనో వదిలితే దాని జబ్బు అక్కడి చేపలకు అంటవచ్చు, అదీ వద్దు.

ప్రశ్న: మా గోల్డ్ ఫిష్ వయసు 6 ఏళ్లు. ఏటా చలి తగ్గే రోజుల్లో దాని మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు అంచు మీద తెల్లని గింజల్లాంటివి వస్తాయి. తెల్లచుక్కల వ్యాధి మందు వేస్తే కొన్ని వారాల్లో పోతాయి, మరుసటి ఏడాది మళ్లీ వస్తాయి. వయసు పెరిగే చేపకు ఏటేటా ఇలా మందు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వేయనక్కర్లేదు. మీరు రాసిన చోట్లను బట్టి చూస్తే మీ చేప మగది, అవి జతకట్టే కాలంలో మగ గోల్డ్ ఫిష్‌కు వచ్చే బుడిపెలు. ఆ కాలం పోగానే వాటంతటవే మాయమవుతాయి, మందు వల్ల పోయాయని మనం అనుకుంటాం. తెల్లచుక్కల వ్యాధిలో చుక్కలు వరుసగా రెండు చోట్లకే పరిమితం కావు. ఒళ్లంతా, తోక మీద కూడా గోధుమ రవ్వ చల్లినట్లు కనిపిస్తాయి, చేప దురదతో రాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది.

ఆ వ్యాధి నిజంగా వచ్చినప్పుడు కూడా చుక్కలు రాలిపోగానే మందు ఆపడం పొరపాటు. చర్మం కింద ఉన్న పరాన్నజీవిని మందు తాకలేదు. అది రాలి, తొట్టి అడుగున వందలుగా విడిపోయి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదే కొద్ది గంటల్లోనే మందుకు చిక్కుతుంది. 25 డిగ్రీల నీటిలో ఈ చక్రం వారం లోపే తిరుగుతుంది, చల్లటి నీటిలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే చివరి చుక్క పోయాక కూడా కనీసం ఒక వారం చికిత్స సాగించాలి. ముసలి చేపకు నేను ముందు చెప్పేది ఉప్పే, రెండు రోజుల్లో క్రమంగా పెంచుతూ లీటరుకు మూడు గ్రాముల దాకా. మలకైట్ గ్రీన్ కలిసిన మందులు బలహీనమైన చేపకు భారమవుతాయి, చేత్తో ముట్టుకునే మనకూ మంచివి కావు. మీ చేపకు ప్రస్తుతం ఏ మందూ వద్దు. చుక్కలు ఆ రెండు చోట్లు దాటి తోక మీదికి వస్తే మాత్రం ఫోటో జతచేసి మళ్లీ రాయండి.