అక్క సంవత్సరీకం గురించి

అమ్మడూ,

వైశాఖంలో అమ్మ సంవత్సరీకం రోజున సభ పెట్టి, వచ్చినవాళ్లందరికీ మొక్కలు పంచుదామని ఉందన్నావు. సభ పెట్టు. మొక్కలు మాత్రం ఆ రోజు వద్దు. అంత ఎండల్లో నర్సరీ కవరు చేతిలో పెడితే తీసుకెళ్లి బాల్కనీలో ఓ మూల పెడతారు, నాలుగు రోజులకి ఎండిపోతుంది. అక్క ఉంటే నీకు చీవాట్లు పడేవి. కావాలన్నవాళ్ల పేర్లు రాసుకో. మృగశిర కార్తె వచ్చి రెండు మంచి వానలు పడ్డాక పని మొదలుపెట్టు.

అప్పుడు కూడా కొనకు, ఆమె పెరట్లోవే ఇవ్వు. మల్లెకి నేలంటు తొక్కు: ముదురు తీగ ఒకటి చూసి, కణుపు కింద కొంచెం గాటు పెట్టి, నేలకి వంచి మట్టి కప్పి, లేవకుండా పైన రాయి పెట్టు. తడి ఆరనివ్వకపోతే దసరా నాటికి కోసి ఇవ్వొచ్చు. వేపగింజలు దాచిపెట్టకు. పండు రాలిన రెండు మూడు వారాల్లోపే నాటెయ్యాలి, ఆలస్యమైతే మొలవవు. ఏ మొక్క ఎవరింటి నుంచి వచ్చిందో పెరట్లో సాయం చేసే ఆవిడకి బాగా తెలుసు. ఆమెని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఇది ఈ వారమే.

ఇక బీరువాలో కాగితాలు. పెరడు సంగతి అందరూ చూస్తారు, వీటిని ఎవరూ ముట్టుకోరు. పాత పేపర్ల వాడికి పోకుండా చూడు. హైదరాబాద్ పక్కన చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల ఫైలు విడిగా ఉంటుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 మర్రిచెట్లు, రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేస్తారంటే ఎంతమంది కదిలారో, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా ఎలా వెళ్లిందో నీకు తెలుసు. వాళ్లలో మీ అమ్మ ఒకతి. చెట్ల ఫోటోలు తీసినవాళ్లు, లెక్క రాసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని పిలువు. మిగతావి కాలనీ గొడవలు: అనుమతి లేకుండా చెట్టు కొట్టారని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పేరు చెప్పి పెట్టిన అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు. తేదీలవారీగా సర్దు. దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అప్పీలు వెయ్యాలి. ఆమె వేసిన వాటికి ఇప్పుడు గడువు దాటిపోయి ఉంటుంది. పర్వాలేదు, అవే ప్రశ్నలతో నీ పేరు మీద కొత్తది వెయ్యి. కోర్టు కాగితాల్లో ఆమె పేరు ఎక్కడైనా ఉంటే ముందు లాయరుకి చూపించు.

సభకి ముఖ్య అతిథి ఎందుకమ్మా? ఆయన ఆలస్యంగా వస్తాడు, ఆమె పేరు తప్పు పలుకుతాడు. నర్సరీ అతన్ని మాట్లాడమను. కరెంటు తీగల కింద కొమ్మలు నరకడానికి వచ్చే లైన్‌మన్‌ని కూడా పిలువు. నిచ్చెన పట్టుకుని "ఈ కొమ్మ వరకే, ఇంకొక్కటి కూడా కాదు" అని కింద నిలబడి కొట్లాడేది కదా, ఆ ముచ్చట అతను చెబితేనే బాగుంటుంది.

వనజీవి రామయ్యగారు 2025 ఏప్రిల్‌లో పోయినప్పుడు అందరూ కోటి మొక్కలు, 2017లో పద్మశ్రీ అనే రాశారు. నాకైతే సైకిలు మీద మొక్కలు, గింజలు వేసుకుని తిరిగిన మనిషి, పక్కనే ఆయన భార్య జానమ్మగారు గుర్తొస్తారు. నువ్వు చదవబోయే నాలుగు ముక్కల్లో కూడా మీ అమ్మ ఎన్ని నాటిందన్న లెక్క జోలికి పోకు. తెల్లారి చెంబుతో ఏ మొక్కకి ముందు నీళ్లు పోసేదో రాయి.

ఆమె కోపం దాచకు. ధర్నా ఉందని నీ నిశ్చితార్థం మధ్యలోంచి లేచి వెళ్లిపోయిందని మీ అత్తగారు ఇప్పటికీ అంటారు. అదీ చెప్పు. మీ నాన్న నొచ్చుకుంటాడని టెన్షన్ పడకు, ఆ రోజు ఆమెని బండి మీద దింపి వచ్చింది ఆయనే.

ఫైళ్లు సర్దడానికి ఒక్కదానివి కూర్చోకు. ఆదివారాలు నేను ఖాళీనే, కళ్లజోడు తెచ్చుకుంటాను.

మీ మామయ్య