ఐటీ చూసే కాంట్రాక్టరు వెళ్లిపోతున్నాడు, కొత్తవారిని ఎలా వెతకాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల హోల్‌సేల్ వ్యాపారం, పది పన్నెండు కంప్యూటర్లు, అన్నీ చూసుకునే కాంట్రాక్టరు వచ్చే నెలాఖరుకు హైదరాబాద్ వెళ్లిపోతున్నాడు, అంతటి మనిషి మళ్లీ ఎక్కడ దొరుకుతాడు అని అడిగారు. నేను రాయగడలో ఒక నర్సింగ్ హోమ్ ఆఫీసు వ్యవహారాలు చూస్తాను. మాకూ ఈ ముచ్చట జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ముందుగా, అంతటి మనిషి కోసం వెతకకండి. ఉన్న కొద్ది రోజుల్లో సగమైనా వెళ్లేవాడి దగ్గర ఉన్నదంతా రాబట్టడానికి కేటాయించండి. అతని తలలో ఉన్నది కాగితం మీదికి వస్తే ఓ మోస్తరు పనిమంతుడు కూడా మీ ఆఫీసును నడిపేస్తాడు. రాకపోతే ఎంత ఘనుడు వచ్చినా మొదట్లో తవ్వకాలతోనే సరిపోతుంది.

"పాస్‌వర్డ్‌లన్నీ రాసివ్వు బాబూ" అంటే గుర్తున్నవే రాస్తారు. అందుకని మేం మా కాంట్రాక్టరుతో కలిసి ఒక్కో వస్తువు దగ్గరికీ నడిచాం. రౌటర్ పాస్‌వర్డ్ అతను చెప్పాలి, మా క్లర్కు టైపు చేయాలి, లోపలికి వెళ్లగలిగితేనే పుస్తకంలో టిక్కు. సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె (డీవీఆర్) దగ్గరికి వచ్చేసరికి రికవరీ ఈమెయిలు అతని సొంతదని తేలింది. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ లైసెన్సు కూడా చూసుకోండి: సీరియల్ నంబరు ఒక్కటే చాలదు, అందులో అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్న ఈమెయిలు ఎవరిదన్నదే అసలు సంగతి. వెబ్‌సైటు ఉంటే దాని డొమైన్ (చిరునామా) ఎవరి పేరిట ఉందో కూడా. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, పెట్టిన రోజున చేతికందిన నంబరు ఇచ్చేస్తారు. కానీ రేపు ఓటీపీ వెళ్లేది హైదరాబాద్‌లోని ఫోనుకి.

బ్యాకప్ ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. నిన్నటి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిపించి, నిన్నటి ఫలానా బిల్లు చూపించమనండి.

ఈ అప్పగింత పనికి విడిగా డబ్బివ్వండి. చివరి బిల్లు తొక్కిపెట్టి పని చేయించుకునే యజమానులున్నారు. నాకది నచ్చదు, పైగా అలా చేయించుకున్న పనిలో ఎన్ని లొసుగులుంటాయో ఎవరికి తెలుసు.

ఇక కొత్త మనిషి. మీ ఊళ్లో సెంచూరియన్ యూనివర్సిటీ ఉంది, గుణుపురంలో జీఐఈటీ ఉంది, కానీ అక్కడ ఇంజినీరింగ్ చదివినవాళ్లలో ఎక్కువమంది చూపు భువనేశ్వర్, హైదరాబాద్‌ల మీదే ఉంటుంది. ఐటీఐలో కంప్యూటర్ ఆపరేటర్ల ఏడాది కోర్సు 'కోపా' చేసి, సొంత ఊళ్లోనే చిన్న సర్వీసు దుకాణం పెట్టుకున్నవాడు మీకు ఎక్కువ కాలం నిలుస్తాడు. మాకు మనిషిని చూపించింది ఏ ప్రకటనా కాదు, మేం ప్రింటర్ కాట్రిడ్జ్‌లు కొనే దుకాణదారు. ఎవరు పాడైన బోర్డును బాగుచేసి వాడతారు, ఎవరు ప్రతిదానికీ కొత్తది కొనిపిస్తారు, ఎవరు బాకీ ఎగవేస్తారు అన్నది ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

సర్టిఫికెట్ల కంటే చిన్న పరీక్ష మేలు. బిల్లింగ్ కౌంటర్‌లో ప్రింటర్ నెట్‌వర్క్ తీగ కొంచెం వదులు చేసి, "ప్రింటు రావడం లేదు" అని పిలిచాం. మొదటి కుర్రాడు కుర్చీలో కూర్చోకముందే "ఫార్మాట్ చేసేద్దాం సార్" అన్నాడు. రెండో ఆయన కౌంటర్ అమ్మాయిని "ఎప్పటినుంచి రావడం లేదు? మిగతా కంప్యూటర్ల నుంచి వస్తోందా?" అని ఒడియాలో అడిగి, ఆ తరువాత టేబుల్ కిందికి వంగాడు. ఆయన్నే పెట్టుకున్నాం. ఆ ఒడియా సంగతి తేలిగ్గా తీసుకోకండి. మీతో తెలుగులో ఎంత చక్కగా మాట్లాడినా, మీ గోదాములో కుర్రాళ్లకు నాలుగు ముక్కలు చెప్పలేకపోతే ప్రతి ఫోనుకూ మీరే దుబాసీ.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మా పాత కంప్యూటర్లలో ఇంకా విండోస్ 10 ఉంది, ఏం చేద్దాం?" దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ కూడా మరీ పాతది కాకూడదు. "ముందు ఏ మెషీన్ ఏ కాలానిదో చూస్తాను" అనేవాడు మనవాడు. "అన్నీ మార్చేయాలి" అనేవాడికి కంప్యూటర్లు అమ్మే బావమరిది ఉన్నాడేమో కనుక్కోండి.

విశాఖలోని పెద్ద సంస్థకు ఇచ్చి, దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ మీద నడిపిద్దామా అని కూడా అడిగారు. తోడుగా అయితే సరే, దాని మీదే ఆధారపడవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఎంత అతలాకుతలం చేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కరెంటూ నెట్టూ లేని రోజున దూరాన ఉన్న నిపుణుడు ఉన్నా లేనట్టే.

ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నుంచో పార్వతీపురం నుంచో వచ్చే మనిషి దొరికితే మాత్రం రాష్ట్రం వేరని వదులుకోకండి. అటువైపు బిల్లు మనకు చెల్లదని ఇక్కడ చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. జీఎస్టీ నమోదు ఉంటే 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య వేసే జీఎస్టీ) వేస్తాడు, మీరు క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చు. ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉంటే రాష్ట్రం దాటి సేవలందించినా నమోదు అక్కర్లేదని 2017 అక్టోబరులోనే వెసులుబాటు ఇచ్చారు. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) సంగతి మీ ఆడిటర్‌ను అడగండి.

ఒప్పందం ఒక్క పేజీ చాలు. పిలిస్తే ఎంతసేపట్లో వస్తాడు, నెలకు ఎంత, విడిభాగాలు మీ పేరిట బిల్లుతోనే కొనాలి, అకౌంట్లన్నీ మీ ఈమెయిలు మీదే తెరవాలి. మొదటి మూడు నెలలు నెలవారీగా ఇచ్చి చూసి, ఆ తరువాతే ఏడాది నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) రాసుకోండి.

పాత కాంట్రాక్టరు వెళ్లేలోపు ఇద్దరూ కలిసి కనీసం రెండు రోజులు పనిచేసేలా చూడండి. ఆఖరి సాయంత్రం కొత్తాయన చేత పాస్‌వర్డ్‌లు మార్పించి, పాత ఎనీడెస్క్ అనుమతులు తీయించండి. వెళ్లే ఆయనకు ఆ సంగతి ముందే చెప్పండి. రేపు ఏదైనా పోతే ఆయన మీదికి మాట రాకుండా ఉండటానికే అంటే మా కాంట్రాక్టరు తనే కూర్చుని దగ్గరుండి తీయించాడు.