సంగీత సందేహాలు: స్లాక్ కీ గిటార్‌కు తొలి పాఠాలు

గత సంచికలో హవాయి దీవుల సంగీతాన్ని ప్రస్తావించిన తరువాత, అక్కడి ‘స్లాక్ కీ’ గిటార్ నేర్చుకోవడం ఎలాగని అడుగుతూ పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను చాలా ఏళ్లు వీణ నేర్చుకున్నాను. మా అబ్బాయి వాడకుండా వదిలేసిన స్టీలు తీగల గిటార్ ఇంట్లో ఉంది. స్లాక్ కీ విన్నప్పటి నుంచి దాని మీద మనసు పోయింది. గురువు దొరకని ఊళ్లో దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? వీణ సాధన దీనికి పనికొస్తుందా, అడ్డొస్తుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ చెవి పనికొస్తుంది, మీ చేతుల అలవాటు కొంత అడ్డొస్తుంది. ఈ రెండూ ముందే తెలిసి మొదలుపెడితే చాలా శ్రమ తప్పుతుంది.

గిటార్‌కు మామూలుగా చేసే శ్రుతిలోని కొన్ని తీగలను వదులు చేసి, వేళ్లతో మీటుతూ మంద్ర స్వరాలనూ పాట వరుసనూ ఒకేసారి పలికించే హవాయి పద్ధతిని స్లాక్ కీ అంటారు. హవాయి భాషలో దాని పేరు కీ హోఅలు. మామూలు గిటార్‌లో లావు తీగ (ఆరోది) నుంచి సన్న తీగ (మొదటిది) వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలు ఉంటాయి. వీటిలో ఆరో తీగను డి కి, ఐదో తీగను జి కి, మొదటి తీగను డి కి దించితే డి, జి, డి, జి, బి, డి అవుతాయి. హవాయిలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ‘టారో ప్యాచ్’ శ్రుతి ఇదే. జి ని షడ్జమంగా తీసుకుంటే ఇవి వరుసగా పంచమం, షడ్జమం, పంచమం, షడ్జమం, అంతర గాంధారం, పంచమం. వీణ మీద సారణి, పంచమ, మంద్ర, అనుమంద్ర తీగలను స-ప-స-ప లుగా శ్రుతి చేసుకునే మీకు ఇందులో కొత్తగా చేరినది గాంధారం ఒక్కటే. ఆ గాంధారం వల్లనే ఎడమచేయి ఏ మెట్టునూ తాకకపోయినా తీగలన్నిటినీ ఒక్కసారి మీటితే నిండైన మేజర్ కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, పలుకుతుంది.

శ్రుతి చేసేటప్పుడు గిటార్ తల మీద తగిలించే చిన్న ట్యూనర్‌ను వాడవచ్చు గాని, మీరు చెవితో చేయడమే మేలని నా అభిప్రాయం. నాలుగో తీగ డి ని కదిలించకండి. ఆరో తీగను దానికి ఒక స్థాయి కింద, మొదటి తీగను దానికి ఒక స్థాయి పైన కలిసేలా బిరడ వదలండి. ఐదో తీగను మూడో తీగ జి కి ఒక స్థాయి కింద కలపండి. మూడు తీగల బిగువు తగ్గాక మిగిలినవి కొద్దిగా పైకి జరుగుతాయి కనుక మొత్తాన్ని మరోసారి సరిచూసుకోవాలి.

ఇక చేతుల సంగతి. వీణ మీద మీరు చూపుడు వేలు, మధ్యవేళ్లతో కిందికి మీటుతారు, చిటికెన వేలితో తాళపు తీగలను పలికిస్తారు, కుడి బొటనవేలికి మీటే పని ఉండదు. స్లాక్ కీలో బరువంతా ఆ బొటనవేలి మీదనే ఉంటుంది. నాలుగు అక్షరాల నడకలో అది మంద్ర తీగలను ఆగకుండా, తడబడకుండా మార్చి మార్చి మీటుతూ ఉంటే, మిగిలిన వేళ్లు పై తీగల మీద పాటను స్వేచ్ఛగా నడుపుతాయి. కనుక మొదటి రెండు మూడు వారాలు పాట ఊసు ఎత్తకండి. ఎడమచేతిని పక్కన పెట్టి, బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదో తీగ, నాలుగో తీగ అంటూ స-ప-స-ప లు మీటండి. కాలు తాళం వేస్తుండగా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా అది చెదరని స్థితి వచ్చాక చూపుడు వేలితో ఒకటో తీగను, మధ్యవేలితో రెండో తీగను అప్పుడప్పుడు కలపండి. మొదట బొటనవేలితో పాటే, తరువాత రెండు దెబ్బల మధ్యన. కొత్తవారు చాలామంది ఈ మెట్టును దాటేసి పాటలోకి దూకుతారు. వారి వాయిద్యం ఎన్నాళ్లయినా కుదురుగా నిలబడదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

తరువాత రెండు కార్డ్‌లు చాలు. సి కార్డ్‌కు నాలుగో తీగను 2వ మెట్టు దగ్గర, రెండో తీగను 1వ మెట్టు దగ్గర, మొదటి తీగను 2వ మెట్టు దగ్గర నొక్కి, ఆరో తీగను వదిలేయండి. డి7 కు మూడో తీగ 2వ మెట్టు, రెండో తీగ 1వ మెట్టు నొక్కి, బొటనవేలిని ఆరో తీగ, నాలుగో తీగల మీదికి మార్చండి. తీగలన్నీ విడిచిపెట్టినప్పుడు పలికే జి తో కలిపి ఈ మూడింటితో ఎన్నో హవాయి పాటలకు తోడు వాయించవచ్చు. ఎడమచేతితో తీగను పక్కకు లాగి గమకం పలికించే అలవాటును మాత్రం కొన్నాళ్లు అదుపులో ఉంచుకోండి. ఈ సంగీతంలో స్వరాన్ని జారుస్తారు, తట్టి పుట్టిస్తారు, లాగి వదులుతారు, వీణలోలా సాగదీయరు.

ప్రశ్న: పాత సినిమా పాటలలో వినిపించే, ఒళ్లో పెట్టుకుని ఇనుప కడ్డీ జరుపుతూ వాయించే ‘హవాయియన్ గిటార్’ ఇదేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. రెండూ హవాయివే గాని పద్ధతులు వేరు. మీరు చెబుతున్నది స్టీల్ గిటార్. 19వ శతాబ్దం చివరి దశకాలలో ఒవాహు దీవికి చెందిన జోసెఫ్ కెకుకు దానికి రూపం ఇచ్చాడని చెబుతారు. అందులో ఎడమచేయి మెట్లను నొక్కదు. తీగల మీద లోహపు కడ్డీ జారుతుంది. మన దేశానికి వచ్చి నాటుకున్నది ఆ వాద్యమే. హవాయి సంగీతంతో ప్రపంచమంతా తిరిగిన టావ్ మో 1940లలో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు. ఆ తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్థానీ రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ దాన్ని మార్చి మోహన వీణగా చేసి, అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్నారు.

ఆ రై కూడరే 1970లలో హవాయికి వెళ్లి గాబీ పహినుయితో కలిసి రికార్డింగులు చేశాడు. పహినుయి స్లాక్ కీకి పెద్ద దిక్కు. స్టీల్ గిటార్‌లోనూ ఆయనది గొప్ప చేయి. కనుక రెంటికీ దూరం ఎక్కువేమీ కాదు. కాని స్లాక్ కీ నేర్చుకోవడానికి కడ్డీ కొనవలసిన పని లేదు.

ప్రశ్న: స్లాక్ కీలో పదుల కొద్దీ శ్రుతులు ఉన్నాయని విన్నాను. ఏయే శ్రుతులు నేర్చుకోవాలి? ఇవి కుటుంబ రహస్యాలుగా ఉండేవట కదా. హవాయివాళ్లం కాని మనం నేర్చుకోవడం సబబేనా?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: శ్రుతుల విషయం ముందు చెబుతాను. మొదటి ఏడాది టారో ప్యాచ్‌ను విడిచిపెట్టకండి. శ్రుతి మారినప్పుడల్లా స్వరాల చోట్లు మారతాయి, నేర్చుకున్నది మళ్లీ నేర్చుకోవలసి వస్తుంది. ఆ తరువాత ‘వహినే’ వర్గపు శ్రుతులకు వెళ్లవచ్చు. టారో ప్యాచ్‌లోని మూడో తీగను అర స్వరం దించితే జి వహినే వస్తుంది. అంటే షడ్జమం ఉన్న తీగ కాకలి నిషాదం అవుతుంది. దాన్ని మీటి, వెంటనే 1వ మెట్టు మీద వేలితో తట్టితే ని నుంచి స కు చేరుతుంది. ఆ ఒక్క కదలికలోనే ఈ శ్రుతి అందమంతా ఉంది. టారో ప్యాచ్‌లో ఆరో తీగను మాత్రం సి వరకు దించితే స్లాక్ కీ గిటారిస్టు లెనర్డ్ క్వాన్ ఇష్టపడిన సి వహినే శ్రుతి వస్తుంది. ఇంతకు మించి శ్రుతులు పోగుచేయడం కొత్తవారికి ఉపయోగం లేని పని.

రెండో ప్రశ్నకు చరిత్ర చూడాలి. 1793లో నావికుడు జార్జ్ వాంకూవర్ రాజు కమెహమెహాకు పశువులను కానుకగా ఇచ్చాడు. వాటిని చంపరాదని రాజు నిషేధం పెట్టడంతో అవి మందలుగా పెరిగి పొలాలను తొక్కసాగాయి. 1830లలో మూడో కమెహమెహా వాటిని అదుపు చేయడం నేర్పడానికి మెక్సికో పశువుల కాపరులను పిలిపించాడు. పెద్ద దీవిలోని వైమెయా ప్రాంతంలో పగలు పశువుల వెంట తిరిగిన ఆ కాపరులు తమతో గిటార్లనూ తెచ్చారు. హవాయి ప్రజలు వాటిని తమ పాటకు, తమ గొంతుకు, తమ హులా నాట్యానికి తగినట్టు శ్రుతి చేసుకున్నారు. బయటినుంచి వచ్చిన వాద్యాన్ని తమది చేసుకున్న జాతి అది.

అయితే ఆ జాతి పోగొట్టుకున్నదీ ఎక్కువే. 1893లో రాణి లిలియువొకలానిని గద్దె దించారు, 1896 చట్టంతో బడులలో హవాయి భాషలో బోధన ఆగిపోయింది. తమదంటూ మిగిలిన వాటిని కుటుంబాలు గుట్టుగా దాచుకోవడంలో ఆశ్చర్యం లేదు. వాయించడం ముగిశాక ఎవరూ శ్రుతి పసిగట్టకుండా తీగలు వదిలేసినవారూ ఉన్నారు. 1946లో పహినుయి ‘హిఇలవే’ పాటను రికార్డు చేసిన తరువాత ఈ వాద్యం లోకానికి వినబడింది. లెనర్డ్ క్వాన్ 1960లో పూర్తిగా వాద్యంతోనే ఒక ఆల్బమ్ చేశాడు. 1973లో స్లాక్ కీ గిటారిస్టు కియోలా బీమర్ బోధన పుస్తకం ప్రచురించి, ఇంటి గుట్టును బయటివారికి పాఠంగా ఇచ్చాడు. 1978లో హవాయి భాష మళ్లీ అధికార భాష అయింది.

కళ నిలవాలనే ఆ గురువులు తలుపు తెరిచారు కనుక మనం నేర్చుకోవడం సబబే. అందుకు తగిన మర్యాద కూడా మన నుంచి వారికి అందాలి. ఏ పాటనైనా ఎవరి బాణీలో నేర్చుకున్నారో వారి పేరు చెప్పండి. పాట దేని గురించో తెలుసుకుని వాయించండి. ‘హిఇలవే’ వైపియో లోయలోని జలపాతం పేరని తెలిస్తే పాట చేతిలో మరోలా నడుస్తుంది. వీలైతే సాహిత్యం పాడండి. హవాయి మాటలన్నీ అచ్చులతోనే ముగుస్తాయి కనుక తెలుగు నోటికి అవి కష్టం కావు. కాలిఫోర్నియాలో హవాయి కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో ఒక పెద్దవారి ముందు కూర్చుని, ప్రశ్నలు తగ్గించి, చూసి విని నేర్చుకునే అవకాశం దొరికితే పుస్తకాలకన్నా దానికే పెద్దపీట వేయండి.

ప్రశ్న: రెండేళ్లుగా ట్యాబ్ (ఏ తీగ మీద ఏ మెట్టో అంకెలతో చూపే రాత) చూసి వాయిస్తున్నాను. తప్పులు రావు, కాని వింటే టైపు కొట్టినట్టు ఉంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ట్యాబ్ ఏ మెట్టు నొక్కాలో చెబుతుంది గాని ఎంత మెల్లగా, ఎంత ఆగి నొక్కాలో చెప్పదు. హవాయివారు ఈ సంగీతంలో కోరేది ‘నహెనహె’, అంటే మృదుత్వం. మీరు చేయవలసిన మొదటి పని వేగం తగ్గించడం. రెండోది, కాగితం మూసేసి స్లాక్ కీ గిటారిస్టు రే కేన్ వాయించిన ఒక నెమ్మది పాటను నెల రోజులు వినడం. 1987లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ నుంచి నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ అందుకున్న ఆయన తక్కువ స్వరాలతోనే గది అంతా నింపుతాడు. ఒక స్వరం పలికిన తరువాత ఆయన ఎంతసేపు దాన్ని మోగనిస్తాడో గమనించండి. నేర్చుకోవలసింది అక్కడ ఉంది.

మూడోది, పాట వరుసను ఒంటి స్వరాలుగా గాక జంటగా పలికించడం. మూడో తీగ, మొదటి తీగలను కలిపి మీటుతూ ఇలా పైకి వెళ్లండి: మూడో తీగ విడిగా ఉన్నప్పుడు మొదటిది 2వ మెట్టు, ఆపైన వరుసగా 2–4, 4–5, 5–7, 7–9, 9–10, 11–12. ఇది మన శంకరాభరణం స్వరాలనే రెండు గొంతులు జంటగా పాడడం. బొటనవేలి నడక చెదరకుండా ఈ జంటలను ఎక్కించి దించగలిగితే, మీకు తెలిసిన ఏ పాటనైనా ఈ పద్ధతిలోకి మార్చవచ్చు.

లాగి వదిలే స్వరాన్ని, అంటే పుల్-ఆఫ్‌ను, అలంకారంగా ఎక్కడపడితే అక్కడ చల్లకండి. హవాయి గాయకులు గొంతును కింది స్థాయి నుంచి పై స్థాయికి విరిచి పాడతారు. గిటార్ మీద తట్టడం, లాగి వదలడం చాలాచోట్ల ఆ విరుపును పట్టుకునే ప్రయత్నాలు. చరణం చివర వచ్చే ‘వ్యాంప్’, అంటే ఎ7, డి7, జి ల వరుస, హులా నాట్యకారులకు తరువాతి చరణం వస్తోందని చెప్పే సంకేతం. దాన్ని తొందరపడి దాటవేస్తే పాటకు ఊపిరి తీసుకునే చోటు పోతుంది.

ప్రశ్న: ఎలాంటి గిటార్, ఏ తీగలు కావాలి? గోళ్లు పెంచాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మెట్లు సరిగ్గా ఉన్న ఏ అకూస్టిక్ గిటార్ అయినా చాలు, ఖరీదైనది వద్దు. స్టీలు తీగల వాడకం ఎక్కువ, నైలాన్ తీగల మీద వాయించేవారూ ఉన్నారు. తీగలను వదులు చేస్తాం కనుక మరీ సన్నవి ‘జుర్రు’మని మెట్లకు తగులుతాయి, మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 నుంచి 53 వరకు ఉండే లైట్ సెట్ తీసుకోండి. సి వహినేకు వెళ్లినప్పుడు ఆరో తీగను ఇంకొంచెం లావుది వేసుకోవచ్చు. మామూలు శ్రుతికి తిరిగి వెళ్లేటప్పుడు తీగలను ఒక్కసారిగా బిగించకండి, మొదటి తీగ తెగేది అప్పుడే. గోళ్లు తప్పనిసరి కావు. వేలి కొసతో మీటితే నాదం మెత్తగా, గోటితో మీటితే స్పష్టంగా వస్తుంది. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్ తొడుక్కునేవారు కూడా ఉన్నారు. మొదటి నెలలు ఏదీ తొడుక్కోకుండా వేలి కొసలతోనే వాయించండి. ఎడమచేతి వేళ్లు నొప్పిపుడితే ఆ రోజుకు ఎడమచేతిని ఆపి, కుడి బొటనవేలి నడకను మాత్రం కొనసాగించండి.