సైకిలు పెట్టె మీ చేతులతోనే కట్టుకోండి

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. జూన్‌లో నువ్వూ కోడలూ సైకిళ్ళు విమానంలో వేసుకుని మ్యూనిక్‌లో దిగి, జర్మనీ సరిహద్దు ఊరు పాసావు నుంచి వియన్నా దాకా డాన్యూబ్ ఒడ్డునే తొక్కుతామంటున్నారు. ఆ దారి గురించి నాకు బెంగ లేదు. సుమారు 320 కిలోమీటర్లు, ఏటివాలునే సాగుతుంది. ఆస్ట్రియాలో ఆర్6 అని అడుగడుగునా బోర్డులుంటాయి, గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచి వీపు మీదికే కొడుతుంది. నా బెంగంతా శంషాబాద్‌కీ పాసావుకీ మధ్యనే.

ముందే ఒక మాట. సైకిలు షాపువాడికి డబ్బిచ్చి ప్యాక్ చేయించొద్దు. వాడు ఎంత బాగా కట్టినా, అక్కడ విప్పి బిగించేది నువ్వే, వియన్నాలో మళ్ళీ కట్టేదీ నువ్వే. ప్రయాణానికి రెండు వారాల ముందు ఇంట్లోనే రెండు బళ్ళూ పూర్తిగా కట్టండి. మర్నాడు విప్పి, బిగించి, ఇరవై కిలోమీటర్లు తొక్కి చూడండి. మొదటిసారి ఒక్కో బండికి మూడు గంటలు పడుతుంది, రెండోసారికి గంటన్నరలో అయిపోతుంది. మీ దగ్గర లేని పానా ఏదో, అరిగిపోయిన బోల్టు ఏదో ఆ రోజే తెలిసిపోతుంది.

టికెట్లు మ్యూనిక్‌లో దిగి వియన్నాలో ఎక్కేలా తీసుకోండి. గల్ఫ్ మీదుగా వెళ్ళే విమానాలకి రెండు ఊళ్ళూ ఉన్నాయి. అన్ని అంచెలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో పెట్టెలు మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సొస్తుంది. మారేచోట కనీసం మూడు గంటల వ్యవధి చూసుకోండి. పెద్ద పెట్టెలని విడిగా మోసుకెళ్తారు కాబట్టి మామూలు సూట్‌కేసులు అందుకున్న విమానాన్ని అవి అందుకోలేకపోవచ్చు. సైకిలు రుసుం సంగతి ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. కొందరు నీ 23 కిలోల లెక్కలోనే కలిపేస్తారు, కొందరు విడిగా వసూలు చేస్తారు. టికెట్టు మీద ఒకరి పేరుండి విమానం ఇంకొకరిదైతే ఆ ఇంకొకరిని కూడా అడగాలి. పెట్టె కొలతలు, బరువు రాసి మెయిలు పెట్టి, జవాబు కాగితం మీద ప్రింటు తీసుకో. కౌంటరు దగ్గర ఫోన్లో మెయిలు వెతుక్కుంటూ నిలబడే వాడికంటే కాగితం చేతిలో ఉన్నవాడి పని తొందరగా అవుతుంది.

పెట్టె సంగతికొస్తే, మీకు అట్టపెట్టే సరి. గట్టి ప్లాస్టిక్ కేసు ఎక్కడ బయల్దేరితే అక్కడికే తిరిగొచ్చే వాళ్ళకి. మీరు దిగేది ఒక దేశంలో, ఎక్కేది ఇంకో దేశంలో, కేసుని ఎక్కడ దాస్తారు? కొత్త సైకిళ్ళు వచ్చిన ఖాళీ పెట్టెలు ఏ పెద్ద షాపులో అడిగినా దొరుకుతాయి. సుమారు 137 సెంటీమీటర్ల పొడవు, 76 ఎత్తు, 20 వెడల్పు ఉంటుంది. మూడూ కలిపితే 233. మామూలు సామానుకి 158 దాటితేనే పెద్దది అంటారు, అందుకే ముందు చెప్పి ఉంచాలనేది. రెండు బళ్ళూ ఒకే పెట్టెలో కుక్కాలని చూడకు. 32 కిలోలు దాటితే మామూలు సామానుగా తీసుకోరు.

లెక్క ఇలా ఉంటుంది: బండి 13 కిలోలు, ఖాళీ పెట్టె 4, చుట్టిన స్పాంజీ, టేపూ ఒక కిలో. ఇంకా 5 కిలోలు మిగుల్తాయి. అందులో స్లీపింగ్ బ్యాగు, మెత్తటి బట్టలు దూర్చండి, బండికి దిండులా కూడా పనికొస్తాయి. బరువు చూడ్డానికి నువ్వు పెట్టె పట్టుకుని తూకం మీద నిలబడి, నీ బరువు తీసేస్తే సరి. 22 దగ్గర ఆపేయండి.

ఇక విప్పడం. ముందు సీటు గొట్టానికి ఫ్రేము అంచున ఒక చుట్టు టేపు వెయ్యి, బిగించేటప్పుడు ఎత్తు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. చెయిన్ ముందు పక్క పెద్ద పళ్ళచక్రం మీద ఉండాలి.

పెడళ్ళ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. కుడి పెడల్ మర మామూలుదే, ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది. ఎటు తిప్పాలో గుర్తుండకపోతే ఇలా చెయ్యి: బండి చక్రాల మీద నిలబడి ఉండగా పానా నిలువుగా పైకి ఉండేలా తగిలించి, దాన్ని వెనక చక్రం వైపుకి లాగు. రెండు పక్కలా అటే ఊడుతుంది. కొన్నిటికి 15 ఎంఎం పానా, కొన్నిటికి లోపలి నుంచి 6 లేదా 8 అలెన్ కీ కావాలి. ఏళ్ళ తరబడి విప్పని పెడల్ అసలు కదలదు. అందుకే ఈ పని ఇంట్లోనే ఒకసారి చేసి, మరలకి గ్రీజు రాసి, తేలిగ్గా బిగించి పెట్టు.

వెనక గేరు మార్చే డిరైలర్ బండి మొత్తంలో సున్నితమైన ముక్క. అది వేలాడే హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం. ఫ్రేముకి దెబ్బ తగలకుండా తనే వంగడానికి పెట్టింది. పెట్టె పక్కకి పడితే ముందు వంగేది అదే. వంగిన సంగతి కంటికి కనపడదు. కింది గేరులో మిట్ట ఎక్కుతున్నప్పుడు డిరైలర్ వెళ్ళి వెనక చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది. 5 అలెన్ కీతో ఒక్క బోల్టు విప్పి, కేబులు ఊడదీయకుండానే దాన్ని బబుల్ కవరులో చుట్టి, వెనక త్రికోణం లోపలికి జిప్ టైతో కట్టెయ్యి. హ్యాంగర్ ఒక్కో మోడలుకి ఒక్కో ఆకారం, అక్కడి షాపులో మీది దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఒక్కో బండికి ఒకటి అదనంగా కొని ఉంచుకోండి, పట్టుమని 30 గ్రాములు కూడా ఉండదు.

ముందు చక్రం తియ్యగానే రెండు పనులు మర్చిపోవద్దు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ళ మధ్య స్పేసర్, అంటే అడ్డుముక్క పెట్టాలి, లేకపోతే పెట్టె మీద ఇంకో సామాను పడి కాళ్ళు దగ్గరికి నొక్కుకుంటాయి. షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, కొత్త బళ్ళతో వచ్చేవే. రెండోది, డిస్కు బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. మధ్యలో రోటరు, అంటే చక్రానికుండే బ్రేకు పళ్ళెం లేనప్పుడు ఎవరైనా లివరు నొక్కితే ప్యాడ్లు రెండూ కలిసిపోతాయి, మళ్ళీ చక్రం ఎక్కదు. తీసిన యాక్సిలుని, అంటే చక్రం ఇరుసుని, తిరిగి ఫోర్కులోనే మరేసి ఉంచు. ఇంట్లో టేబులు మీద మర్చిపోయి వచ్చేది ఎక్కువగా ఇదే. రోటరు ఉన్న వైపు ఫ్రేముకేసి తిప్పి, మధ్యలో అట్ట పెట్టు.

హ్యాండిలు విప్పడానికి స్టెమ్ (హ్యాండిలుని పట్టి ఉంచే ముక్క) ముందు మూతకుండే నాలుగు బోల్టులే తీయాలి. పైన మధ్యలో ఉండే బోల్టు జోలికి పోవద్దు, అది తీస్తే ఫోర్కు బేరింగు బిగింపు మళ్ళీ మొదట్నుంచీ చూసుకోవాలి. హ్యాండిలుని కేబుళ్ళు మడత పడకుండా ఫ్రేము పక్కకి వేలాడదీసి కట్టు. వెనక క్యారియరు విప్పి, దాని బోల్టులు మళ్ళీ వాటి రంధ్రాల్లోనే తిప్పి ఉంచు. మిగిలిన చిన్న సామానంతా ఒక జిప్ కవర్లో వేసి ఫ్రేముకి కట్టెయ్యి. పెట్టెలో విడిగా వేసినవి చేతిపట్టు రంధ్రాల్లోంచి జారిపోతాయి.

చుట్టడానికి ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకి తొడిగే నల్ల స్పాంజి గొట్టం మించినది లేదు. బండికి ఐదు మీటర్లు చాలు. నిలువునా చీల్చి తొడిగి జిప్ టై వెయ్యి, ఫ్రేము లావై చీలిక కలవకపోయినా పర్లేదు. పళ్ళచక్రం కిందా, ఫోర్కు కొనల కిందా రెండేసి మడతల అట్ట పరిస్తే పెట్టె అడుగు చిరగదు. మధ్య ఖాళీలో అట్టని గొట్టంలా చుట్టి అడ్డంగా నిలబెడితే పక్కలు లోపలికి నొక్కుకోవు.

టైర్లలో గాలి తీసెయ్యమంటారు. సామాను ఉండే చోట కూడా పీడనం ఉంటుంది, టైరు పేలేదేమీ లేదు. అయినా కౌంటర్లో వాదన పెట్టుకోకుండా కొంత తీసెయ్యి. 20 పీఎస్ఐ మాత్రం ఉంచు. ట్యూబ్‌లెస్ టైరులో మొత్తం తీస్తే అంచు ఊడి, లోపల పంక్చరు పూడ్చడానికి పోసిన సీలెంట్ పెట్టెంతా కారుతుంది.

బ్యాటరీల విషయంలో ఎవరూ మొహమాటపడరు. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు, ఛార్జింగ్ లైట్లు అన్నీ చేతి సంచిలోనే. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్లకి, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్‌కి మించకూడదు. గాలి కొట్టే చిన్న కార్బన్ డయాక్సైడ్ గుళికలు, స్ప్రే డబ్బాలు ఇక్కడే వదిలెయ్యండి. మల్టీటూలు, పానాలు చెకిన్ సామానులోకి, అదీ సైకిలు పెట్టెలోకి కాదు, సైడు సంచుల్లోకి. నాలుగు సైడు సంచులూ కలిపి గళ్ళ జిప్పు సంచిలో కుక్కితే ఒకే లగేజీ అవుతుంది. పెడళ్ళు కూడా అందులోనే పెట్టండి. హెల్మెట్, తొక్కే బూట్లు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి. పెట్టె రెండ్రోజులు ఆలస్యమైనా అద్దె సైకిలుకి మీ పెడళ్ళు వేసుకుని బయల్దేరొచ్చు.

శంషాబాద్‌కి డిక్కీ ఉన్న కారు పనికిరాదు. వెనక సీట్లు మడిచిన ఇన్నోవా లాంటిది మాట్లాడుకోండి. నాలుగు గంటల ముందు అక్కడుండాలి, ఎందుకంటే చెకిన్‌కి ముందే కస్టమ్స్ దగ్గర ఇంకో పని ఉంది. బండి ఖరీదైనదైతే ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇది విదేశంలో కొన్నది కాదని చూపించడానికి అదే ఆధారం. బిల్లు, ఫ్రేము నంబరు ఫొటో దగ్గరుంచుకో. నంబరు పెడళ్ళ ఇరుసు అడుగున చెక్కి ఉంటుంది, పెట్టె కట్టాక కనపడదు. స్కానింగ్‌లో పెట్టె విప్పమనొచ్చు, కాబట్టి టేపు చుట్ట చేతిలోనే ఉండాలి. పెట్టె బెల్టు మీదికి వెళ్ళేదాకా దాన్ని వదలొద్దు.

మ్యూనిక్‌లో పెట్టెలు మామూలు బెల్టు మీద రావు. ష్పెర్‌గెపెక్, అంటే పెద్ద సామాను అని రాసిన చోట నిలబడాలి. బయటికి రాకముందే నాలుగు వైపులా చూడండి, అట్ట చిరిగి ఉంటే అక్కడే ఫొటోలు తీసి, సామాను కౌంటర్లో పీఐఆర్ అనే నష్టం నమోదు కాగితం రాయించండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకి ఫిర్యాదు ఏడు రోజుల్లోపల రాతపూర్వకంగా వెళ్ళాలి. వియన్నా చేరాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది.

బిగించేటప్పుడు డిరైలర్, హ్యాండిలు, ముందు చక్రం, పెడళ్ళు ఈ వరసలో వెళ్ళండి. స్టెమ్ బోల్టులు నాలుగూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా, పైనా కిందా సందు సమానంగా ఉండేలా బిగించాలి. 5 న్యూటన్ మీటర్లు చాలు. పెడళ్ళు మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కాలి, బరువుగా తోస్తే మర అడ్డం పడి పెడల్ తగిలించే క్రాంకు పాడవుతుంది. బ్రేకు లివర్లు పదిసార్లు నొక్కి, ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపి చూడు, హ్యాండిలు దగ్గర టకటక రాకూడదు. చివరగా వెనక చక్రం ఎత్తి, పెడల్ చేత్తో నెమ్మదిగా తిప్పుతూ వెనక పక్క పెద్ద పళ్ళచక్రం దాకా గేరు మార్చు. డిరైలర్‌కీ పుల్లలకీ మధ్య సందు కనపడాలి. చిన్న పంపుతో గాలి నింపడానికి టైరుకి రెండు మూడొందల కొట్లు పడతాయి, ఇద్దరూ వంతులేసుకోండి.

విమానాశ్రయం నుంచి ఫ్రైజింగ్ మీదుగా లాండ్స్‌హూట్ వెళ్ళే ప్రాంతీయ రైలుంది, అక్కడ పాసావు రైలు మారాలి, అక్కణ్ణుంచి గంటన్నర. సైకిలుకి విడిగా టికెట్టు కొనాలి. ఓపికుంటే ఈజార్ నది వెంట లాండ్స్‌హూట్ దాకా తొక్కుకునే వెళ్ళొచ్చు, దగ్గర దగ్గర 45 కిలోమీటర్లు. రాత్రి నిద్ర లేకుండా దిగిన రోజున మాత్రం వద్దు. అక్కడ కుడి పక్కన నడపాలి, పక్క రోడ్డులోంచి బయటికొచ్చేటప్పుడు ముందు ఎడమకి చూడాలి. అలసిన తలకి అది గుర్తుండదు.

వియన్నాకి రెండు రోజుల ముందు, మెల్క్ దగ్గరున్నప్పుడే, అక్కడి సైకిలు షాపులకి ఫోను చేసి ఫార్‌రాట్‌కార్టన్, అంటే సైకిలు అట్టపెట్టెలు రెండు ఉంచమని చెప్పండి. ఆదివారం షాపులు మూసేస్తారు, విమానం సోమవారమైతే శనివారమే తెచ్చుకోవాలి. బస దగ్గరే కట్టుకుని, పెద్ద వ్యాను టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి. ఇంకొకటి, మ్యూనిక్‌లో అట్టపెట్టెలు పారేసే ఊపులో స్పాంజి గొట్టాలూ, స్పేసర్లూ కూడా పారేయొద్దు. చుట్ట చుట్టి క్యారియరు మీద కట్టుకుంటే అరకిలో కూడా ఉండవు, వియన్నాలో మళ్ళీ అవే కావాలి.

ఇట్లు,
పెదనాన్న